ఏడు బోర్ల నీళ్ళు

అశోక్‌నగర్‌లో సుబ్బులు గారి లేడీస్ హాస్టల్లో నలభైమంది ఆడపిల్లలుంటారు. గ్రూప్స్‌కో, ఎస్సై పోస్టుకో, టీచరు ఉద్యోగానికో చదువుకునేవాళ్ళు. వాళ్ళలో సగంమంది బట్టలు బీరమ్మ ఉతుకుతుంది. మహబూబ్‌నగర్ నుంచి భర్త మాసయ్యతో కలిసి కూలిపనికి వచ్చి, నడుం నొప్పితో మట్టి మోయలేక ఈ పనిలోకి మారింది. ఆరేళ్ళలో ఆమె మీద ఒక్క మాట రాలేదు.

ఆషాఢం చివరి వారంలో ఒక పొద్దున నలుగురు పిల్లలు తువ్వాళ్ళు, దుప్పట్లు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డారు.

"ఆంటీ, వీటిల్లోంచి పెట్రోలు వాసన వస్తోంది. కప్పుకుంటే తలనొప్పి లేస్తోంది."

సుబ్బులు గారు గరిటె పక్కన పెట్టి బీరమ్మను పిలిచింది. "ఏంటే బీరమ్మా, మరకలు పోవడానికి కిరసనాయిలు గానీ కలుపుతున్నావా?"

"లేదమ్మా. కిరసనాయిలు ఇప్పుడు యాడ దొరుకుతది? నీళ్ళల్లనే వాసనొస్తుంది. నాలుగు దినాల సంది చూస్తున్న. నేనే చెప్దామనుకుంటున్న."

"మరి స్నానాల గదుల్లో రావట్లేదే?"

"అవి మున్సిపాలిటీ నీళ్ళు గదమ్మా. మీద బట్టలుతికే కాడ నల్లాకు వచ్చేటియి బోరు నీళ్ళు."

ఇద్దరూ డాబా మీదికి వెళ్ళారు. బీరమ్మ మోటారు వేయించి, పది నిమిషాలు నీళ్ళు వదిలి, మగ్గు నింపి ఇచ్చింది. మగ్గు ఇంకా తన చేతిలో ఉండగానే బీరమ్మ ముక్కుకు ఆ వాసన ఘాటుగా తగిలింది. సుబ్బులు గారు మగ్గును ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాత నీళ్ళు పారబోసింది.

"నాకేం రావట్లేదు" అంది, ఎటో చూస్తూ.

అంత వాసన రావట్లేదని ఎలా అంటుంది? పిల్లల ముందు తనను తప్పుదాన్ని చేయడానికే అలా అన్నదనుకుంది బీరమ్మ. సుబ్బులు గారు మెట్లు దిగి, గుమ్మంలో ఉన్న పిల్లల ముందే, "రేపట్నుంచి రావద్దులే. కింద స్నానాల గది దగ్గర వాషింగ్ మెషిన్ పెట్టించుకుంటాను" అని చెప్పింది.

ఇంటికి వెళ్ళి చెబితే మాసయ్య పెద్దగా పట్టించుకోలేదు. "ఇడిసిపెట్టు. గాంధీనగర్ల స్లాబ్ పని నడుస్తుంది. నీళ్ళు కొట్టెతందుకు మనిషి కావాల్నంటుండ్రు. రా."

"పనికైతే వస్త. కని కిరసనాయిలు కలిపిందని గల్లీ అంతా అనుకుంటరు గద. ఆరేండ్లు కష్టపడి ఇదా నాకు పేరు?"

"మరి ఏం జేస్తవు?"

ఏం చేయాలో ఆమెకు ఆ రాత్రి తోచలేదు. పొద్దున పళ్ళు తోముకుంటుంటే తోచింది. మాసయ్య పాత తెల్లపంచె ఒకటి ఉంటే దాన్ని ఏడు ముక్కలు చింపింది. పెట్రోలు బంకు దగ్గర మొదలై హాస్టల్ దాటేదాకా ఆ గల్లీలో వరసగా ఏడు బిల్డింగులున్నాయి. ప్రతిదానికీ సొంత బోరుంది. అన్నిచోట్లా వాచ్‌మెన్లు ఆమెకు తెలిసినవాళ్ళే. ఒక్కో చోట మోటారు వేయించి, బోరు నీళ్ళలో ఒక్కో గుడ్డముక్క నానబెట్టి, పిండి, పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టింది. చదువు రాదు కాబట్టి దారంతో గుర్తులు పెట్టుకుంది. ఒకటో బిల్డింగుకు ఒక ముడి, రెండో దానికి రెండు, ఏడో దానికి ఏడు.

ఒక వాచ్‌మన్ అడిగాడు. "సీసాల నింపుకపోరాదక్కా, గుడ్డలెందుకు?"

"బట్టలల్ల వాసనన్నరు. బట్టనే చూపెట్టాలె" అంది బీరమ్మ.

ఆ ఏడు కవర్లూ సంచిలో వేసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళింది. హాస్టల్లో ఉండే మనీష పొద్దంతా అక్కడే చదువుకుంటుందని ఆమెకు తెలుసు. తువ్వాలు పట్టుకుని వచ్చిన నలుగురిలో మనీష కూడా ఒకతె. అచ్చంపేట పిల్ల. బీరమ్మను చూడగానే పుస్తకం మూసి లేచి నిలబడింది.

"అక్కా, నిన్ను పనికెల్లి తీసేస్తరని మేమనుకోలేదు."

"అది పోనియ్ గని, ఇవి ఒక్కొక్కటి వాసన చూసి చెప్పు. కండ్లు మూసుకో. ఏది యాడిదో నేను చెప్పను."

మనీష కళ్ళు మూసుకుంది. చెట్టు కింద చదువుకుంటున్న వాళ్ళు తలలు తిప్పి చూశారు. బీరమ్మ కవర్లను వరస మార్చి ఒక్కోటి విప్పి పట్టింది. మూడింటి దగ్గర మనీష మొహం చిట్లించి తల వెనక్కి తీసుకుంది. ముళ్ళు లెక్కపెడితే అవి మూడు, ఐదు, ఆరు. పొద్దున బీరమ్మకు వాసన వచ్చినవీ అవే. ఐదోది హాస్టల్.

మనీష చాలాసేపు ఆ ముళ్ళకేసి చూసింది. తర్వాత నోటుబుక్కులో గల్లీ బొమ్మ గీసి, ఏడు డబ్బాలు వేసి, మూడింటిని ఎర్ర పెన్నుతో నింపింది. "పర్యావరణం పేపర్లో ఇదంతా చదువుతున్నం గని, చేసుడు నువ్వు చేసినవక్కా" అంది. అక్కడే కూర్చుని పొల్యూషన్ బోర్డుకు అర్జీ రాసింది. ఫిర్యాదుదారు పేరు దగ్గర 'బీరమ్మ, వృత్తి: బట్టలు ఉతకడం' అని రాసి వేలిముద్ర వేయించింది. బొమ్మను అర్జీకి జత చేసింది.

అర్జీ ఎక్కడెక్కడ తిరిగిందో బీరమ్మకు తెలియదు. ఆమె గాంధీనగర్‌లో కొత్త స్లాబుకు నీళ్ళు కొడుతూ ఉండిపోయింది. ఐదు వారాలయ్యాక, నేలనూ భూగర్భజలాన్నీ పరీక్ష చేయించి నివేదిక ఇవ్వమని బంకుకు నోటీసు వచ్చింది. బంకు వాళ్ళు ఆ పనిని ఒక చిన్న కంపెనీకి అప్పగించారు. కంపెనీ హారతిని పంపింది.

హారతికి ఇరవై ఎనిమిదేళ్ళు. భూగర్భశాస్త్రం చదివింది. సొంతంగా చూసుకోమని కంపెనీ ఆమెకు ఇచ్చిన మొదటి పని ఇది. ఇద్దరు కూలీలతో, చేత్తో తిప్పే బోరు పరికరంతో బంకులోకి వచ్చేసరికి మేనేజరు నాగేందర్ కాగితాలు పట్టుకుని ఎదురొచ్చాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ బంకులో ఉన్న మనిషి.

"మేడమ్, ట్యాంకులకు పోయిన నెలనే పరీక్ష చేయించినం. పాసయినయి. కాగితం చూడుండ్రి. ఇంకొకటి చెప్త. మా గోడకు ఆనుకొని అపార్ట్‌మెంట్ ఉంది. వాళ్ళ బోరు నీళ్ళు సాఫ్‌గ ఉన్నయి. కావాల్నంటే ఇప్పుడే తాగి చూపిస్త. పక్కింట్ల లేంది ఐదో ఇంట్లకు ఎట్ల పోతది?"

హారతి ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకుంది. ఆమె ట్యాంకుల పక్కన, మెయిన్ రోడ్డు వైపు, మట్టి నమూనా తీయడానికి మొదటి బోరు దింపించింది. అడుగున్నరకొకసారి పైకి వచ్చిన మట్టిని పాలిథిన్ కవర్లో వేసి, మూతి కట్టి, కాసేపు ఎండలో ఉంచి, ఆవిరిని కొలిచే చిన్న యంత్రం గొట్టాన్ని అందులో దూర్చి చూసింది. అంకె కదల్లేదు. మరునాడు ట్యాంకులకు రెండో పక్కన వేసింది. అక్కడా అంతే. ఎర్రటి మొరం మట్టి, మామూలు తడి, మామూలు వాసన.

నాగేందర్ చాయ్ తెప్పించాడు. "నేను చెప్పిన గద మేడమ్" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. నిజంగానే గుండెల మీది బరువు దిగినట్టు ఉన్నాడు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే పైఅధికారి, "ఒప్పుకున్నది మూడు బోర్లే కదా. మూడోది కూడా ఎక్కడో ఒకచోట వేసి రిపోర్టు రాసెయ్" అన్నాడు.

ఆ 'ఎక్కడో ఒకచోట' అన్న మాట హారతికి నచ్చలేదు. బంకు మెట్టు మీద కూర్చుని ఫైలు మళ్ళీ మొదటినుంచి తిరగేసింది. చివర నోటుబుక్కు కాగితం మీద గల్లీ బొమ్మ కనిపించింది. మూడు, ఐదు, ఆరు ఎర్రగా ఉన్నాయి. అడుగున ఆ నీళ్ళు ఎలా పట్టారో, గుడ్డముక్కలు ఎలా కట్టారో, ముళ్ళు ఎలా వేశారో మనీష నాలుగు లైన్లలో రాసి, కింద తన ఫోన్ నంబరు వేసింది. హారతి తన పక్కనున్న మట్టి కవర్లను చూసుకుంది. చేసిన పద్ధతి ఒకటే. ఈ మనిషిని చూడాలి అనుకుంది.

మనీష దగ్గర ఆచూకీ తీసుకుని మధ్యాహ్నం గాంధీనగర్ వెళ్ళేసరికి బీరమ్మ ఇసక కుప్ప పక్కన కూర్చుని అన్నం తింటోంది. పక్కనే మాసయ్య. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వచ్చిన అమ్మాయిని చూసి అతను ముద్ద ఆపేశాడు.

"మేం ఏం తప్పు చెయ్యలే మేడమ్" అన్నాడు.

"తప్పు కాదండీ. సాయం కావాలి" అంది హారతి. ఇసక మీదే కూర్చుంది. తను చేసింది చెప్పింది, ఏమీ దొరకలేదని కూడా దాచకుండా చెప్పింది. "మీరు చెప్పిన మూడు బోర్లలో వాసన ఉంది. నేనూ చూశాను. కానీ మధ్యలో నాలుగో బిల్డింగులో ఎందుకు లేదు? బంకు పక్కన ఒకటో దాంట్లో ఎందుకు లేదు? అదే తెలియడం లేదు."

బీరమ్మ చెయ్యి కడుక్కుంది. "నాకూ అదే సమజ్ కాలే మేడమ్. రేపు పొద్దుగాల వస్త. నడుసుకుంట చూద్దాం."

మరునాడు ఇద్దరూ బంకు దగ్గర నుంచి గల్లీలోకి నడిచారు. హారతి ఒక్కో గేటు దగ్గరా ఆగి అడుగుతోంది. బోరు ఎంత లోతు, ఎప్పుడు వేశారు, ఎంత నీళ్ళు. వాచ్‌మెన్లకు తెలియనివి బీరమ్మకు తెలుసు.

"ఒకటోది కొత్త అపార్ట్‌మెంట్. నా కండ్లముందే బోరు ఏసిండ్రు, మూడేండ్లయితది. రెండో దాంట్ల కోచింగ్ సెంటర్. పాత బోరు ఎండిపోతే నిరుడు కొత్తది ఏసుకున్నరు. మూడోది ముసలాయన ఇల్లు. ఆ బోరు ఎప్పటిదో ఆయనకే ఎరుక. మోటరు బయటికి తీసినప్పుడల్ల పైపు తుప్పు పొరలు పొరలుగ ఊడొస్తది. నాలుగోది మళ్ళ కొత్తదే. హాస్టల్ది పాతది. పక్కన ఆరోది గూడ పాతదే."

హారతి నడక ఆపేసింది. "ఇంకోసారి చెప్పండి."

బీరమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి హారతి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మూడు, ఐదు, ఆరు పాతవి. మిగతావి కొత్తవి.

"ఏడోది?"

"అదీ పాతదే. కని అది దూరం గద, ఇంకా రాలేదేమో."

హారతి మొహంలో వెలుగొచ్చింది. "బీరమ్మ గారూ, కొత్త బోర్లకి పైన యాభై అరవై అడుగుల దాకా ప్లాస్టిక్ కేసింగ్ గొట్టం దింపుతారు. పైమట్టిలో ఉండే నీళ్ళు లోపలికి రానివ్వదది. పాతవాటికి ఇనప కేసింగ్. తుప్పుపట్టి చిల్లులు పడిపోయి ఉంటుంది. పైమట్టిలో ఏముంటే అది లోపలికి దిగిపోతుంది. అంటే పెట్రోలు ఈ మూడిళ్ళ కిందే లేదు. గల్లీ పొడుగునా ఉంది. పాత బోర్లున్నచోట బయటపడుతోంది, అంతే."

"అయితే నాలుగో ఇంటి కింద గూడ ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

బీరమ్మ కాళ్ళ కింది సిమెంటు రోడ్డును చూసింది. "మరి యాడికెల్లి వస్తుంది?"

"అది చెప్పాల్సింది నేను. ట్యాంకుల దగ్గర వెతికాను. లేదు."

"ట్యాంకులు మెయిన్ రోడ్డు మొకాన ఉన్నయి గద. వాన పడితే బంకు నీళ్ళు అటు పోవు. ఇగో, ఈ మూల నుంచి మా గల్లీలకు దిగుతయి. బండ్లకు పెట్రోల్ పోసే మిషన్ ఉన్నది చూడు, అటుకెల్లి." మాటల్లో పడి ఆమె ఎప్పుడో మేడమ్ అనడం మానేసింది.

నేల వాలు అటే. హారతి సిగ్గుపడింది. ట్యాంకు నుంచి ఆ మిషన్ దాకా భూమిలో పైపు ఉంటుందన్నది ఆమెకు తెలియని సంగతి కాదు. పాసైంది ట్యాంకుల పరీక్ష. ఆ పైపును ఎవరూ పరీక్షించలేదు.

మూడో బోరు ద్విచక్రవాహనాల మిషన్‌కు ఐదడుగుల దూరంలో, గల్లీ వైపు వేశారు. నాగేందర్ వద్దనలేదు కానీ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మొదటి మూడడుగులు ఎర్రమట్టే. ఆరడుగుల దగ్గర మట్టి రంగు మారింది. తొమ్మిదడుగుల దగ్గర పరికరం పైకి వచ్చినప్పుడు దానికి అంటుకున్న మొరం ఆకుపచ్చ కలిసిన నలుపులో ఉంది. కవర్లో వేయాల్సిన అవసరమే రాలేదు. యంత్రం గొట్టం దగ్గరికి తీసుకురాగానే అంకెలు పరిగెత్తి, అలారం కూయడం మొదలుపెట్టింది.

హారతి కూలీలను వెనక్కి జరగమంది. నాగేందర్ వంగి ఆ మట్టిని చూశాడు. ఆ మిషన్ ముందు ఇరవై బైకులు వరసలో ఉన్నాయి. అతని మనుషులు మధ్యాహ్నం అన్నం తినేది ఆ మూలనే, గోడ నీడలో.

అతను ఎవరినీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఆ మిషన్ కరెంటు తీసేశాడు. తాడు తెచ్చి చుట్టూ కట్టాడు. "ఇది బంద్. అందరు ఇటుపక్కకు రాండ్రి" అని బైకులవాళ్ళను మళ్ళించాడు. ఒకరిద్దరు విసుక్కున్నారు. ఆ తర్వాత యజమాని సుందరరావుకు ఫోన్ చేశాడు.

"సార్, మన పైపే లీకయితుంది. నేను మిషన్ ఆపేసిన. మిమ్మల్ని అడగకుండనే ఆపిన."

అవతలి మాట హారతికి వినిపించింది, ఫోన్ అంత దగ్గరగా ఉంది. "ఆపడం మంచిదైంది నాగేందర్. ఆ అమ్మాయి ఎక్కడ తవ్వమంటే అక్కడ తవ్వించండి. నేను వస్తున్నాను."

పైపులోని పెట్రోలు ఖాళీ చేసి, సిమెంటు పగలగొట్టి, నీళ్ళు చల్లుతూ చేత్తో తవ్వితే రెండోరోజుకు పైపు బయటపడింది. రెండు ముక్కలు కలిసే చోట అతుకు వదులై, చెమట పట్టినట్టు తడి కనిపించింది. పైపు నిండుగా ఉన్నప్పుడు కూడా చుక్క పడటానికి నిమిషం పట్టేంత నెమ్మది లీకు. అందుకే రోజువారీ కొలతల్లో తేడా తెలియలేదు. కానీ అది ఎన్నాళ్ళుగా కారుతోందో, ఆ చుట్టూ నల్లబడ్డ మట్టిని చూస్తే తెలుస్తూనే ఉంది. నాగేందర్ గుంట అంచున కూర్చుని, "పంతొమ్మిదేండ్ల సంది దీని మీదనే నడుస్తున్న" అన్నాడు.

పాత బోర్లు వాడొద్దని చెప్పడానికి హారతి ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగింది. హాస్టల్లో సుబ్బులు గారు పప్పులో తాలింపు వేస్తోంది. అంతా విని, పొయ్యి ఆపి, మెల్లగా అడిగింది.

"అమ్మాయీ, మా నీళ్ళలో వాసన బాగా వస్తోందా?"

"బాగా వస్తోందండీ. మీకు తెలియలేదా?"

సుబ్బులు గారు వెనక్కి తిరిగి చూసుకుంది. పిల్లలెవరూ దగ్గర్లో లేరు. "కరోనా వచ్చి తగ్గాక నాకు వాసన తెలియడం పోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో వచ్చిందన్నారు. నాకు రాలేదు. నలభైమందికి వండిపెట్టేదాన్ని. వాసన తెలియదంటే నా చేతి వంట ఎవరు తింటారని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు బీరమ్మ మగ్గు ఇచ్చినప్పుడు ఆ మాటే చెప్పి ఉండాల్సింది. రావట్లేదన్నాను." గరిటె చేతిలోకి తీసుకుని, "పాపం, దాని మీదికి నెట్టేశాను" అంది.

మరునాడు పదకొండు గంటలకు ఆమె ఆటోలో గాంధీనగర్ వెళ్ళింది. స్లాబు కింద కంకర మీద చెప్పులు జారుతుంటే గోడ పట్టుకుని నిలబడి, హారతికి చెప్పిందే బీరమ్మకూ చెప్పింది. బీరమ్మ పైపు పక్కన పడేసి విన్నది.

"అయితే నిజంగనే మీకు రాలేదా?"

"నిజంగానే రాలేదే."

"నేనేమో మీరు కావాల్ననే అన్నరనుకున్న." బీరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇన్ని వారాలుగా లోపల గడ్డకట్టిన కోపం ఎటు పోవాలో తెలియక ఆగినట్టు అనిపించింది ఆమెకు.

"మళ్ళీ పనిలోకి రా బీరమ్మా."

"వస్తనమ్మా. కని పిల్లలందరి ముందు చెప్పాలె, నా తప్పు లేదని. వాళ్ళ ముందే గద నన్ను వద్దన్నరు."

సుబ్బులు గారికి అది సులువైన పని కాదు. అయినా ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర నలభైమందినీ కూర్చోబెట్టి, నిలబడి చెప్పింది. బీరమ్మ తప్పు లేదని చెప్పి ఆపేయొచ్చు. ఆపలేదు. తనకు వాసన తెలియదన్న సంగతి కూడా చెప్పేసింది. ఎవరూ కంచం వదిలి లేవలేదు. వెనక నుంచి ఒక పిల్ల, "అందుకేనా ఆంటీ, మొన్న పాలు విరిగినా చూసుకోలేదు" అంటే అందరూ నవ్వారు, సుబ్బులు గారు కూడా. మనీష లేచి బీరమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. ఆ వారం నుంచి వంటగదిలో పిల్లలు వంతులు వేసుకున్నారు. పాలు, పప్పు, కూర ముందు వాళ్ళు వాసన చూసి చెప్పాకే పొయ్యి మీద నుంచి దించుతారు.

బంకులో పైపంతా కొత్తది వేశారు. నల్లమట్టిని తవ్వి లారీల్లో తీసుకెళ్ళారు. గల్లీలో మూడుచోట్ల చిన్న బోర్లు వేసి, పైమట్టిలోని నీళ్ళను తోడి, బొగ్గు నింపిన డ్రమ్ముల గుండా పంపి శుభ్రం చేయడం మొదలైంది. పాత బోర్లున్న ఇళ్ళకు బంకు ఖర్చుతోనే ట్యాంకర్ వస్తోంది. ఏడో ఇంటి బోరుకు వాసన చేరకముందే ఆపగలిగారు. నెలకొకసారి హారతి వచ్చి నీళ్ళు పట్టుకుపోతుంది. సీసాల మూతలు బిగించడం, గొట్టం పట్టుకోవడం బీరమ్మ పని. కంపెనీతో మాట్లాడి హారతి ఆ రోజుకు ఆమెకు కూలి రాయించింది. సీసాల మీద కాగితం అంటించి రాసేది హారతే అయినా, మూతి దగ్గర ఎన్నో బోరో వేలితో తట్టి చెప్పేది బీరమ్మ.

అర్జీ పెట్టిన ఎనిమిదో నెలలో, ఎండలు ముదరకముందు, హారతి ల్యాబు కాగితాలు తీసుకుని హాస్టల్ గేటు దగ్గరికి వచ్చింది.

"ఆరో ఇంటి బోరు పూర్తిగా బాగైంది. కేసింగ్ మార్చి వాడుకోవచ్చు. మీ హాస్టల్‌ది సగానికి పైగా తగ్గింది. మూడోదే మొండిగా ఉంది."

"ముసలాయనదా?" అంది బీరమ్మ.

"ఆ. దానికి దగ్గర్లోనే కదా లీకు."

"ఇంకెన్నాళ్ళు పడతది బిడ్డా?"

"హాస్టల్‌కి ఇంకో ఆరు నెలలు. ఆయన బోరుకు ఏడాదిన్నర పట్టొచ్చు. ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. కచ్చితంగా చెప్పలేను."

బీరమ్మ మూడో ఇంటి వైపు చూసింది. ఆ పెద్దాయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ట్యాంకర్ పైపు సంపులోకి సరిగా పడుతోందో లేదో చూస్తున్నాడు.

"కానియ్. తగ్గుతుంది గద" అంది. "పోయి ఆయనకు నువ్వే చెప్పు, కాగితం చూపెట్టి. ఆయనకు చెవుడు, జర గట్టిగ చెప్పు."

హారతి అటు నడిచింది. బీరమ్మ బకెట్ తీసుకుని మెట్లెక్కింది. డాబా మీద పద్దెనిమిది మంది బట్టలు నానుతున్నాయి.